స్టఫ్డ్ పరాఠా: ఏ కూర పెట్టాలి, ఎలా పెట్టాలి

పరాఠాలో ఏ కూర పెడితే బాగుంటుందని ఎవరైనా అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: ఎప్పుడు తింటారు? పెనం మీంచి నేరుగా పళ్లెంలోకా, మధ్యాహ్నం బాక్సులోంచా, రాత్రి రైల్లోనా? ఈ మూడింటికీ ఒకే పరాఠా పనికిరాదు. ఎవరికి ఏ కూర ఇష్టమనేది ఆ తర్వాతి మాట.

ఇంకో ప్రశ్న కూరగాయలో ఎంత నీరుందని. 100 గ్రాముల బంగాళాదుంపలో సుమారు 79 గ్రాములు నీరే. కాలీఫ్లవర్‌లో 92, ముల్లంగిలో 95 దాకా ఉంటుంది. అంకెలు చూస్తే మూడూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది. కానీ ఉడికిన దుంపలో ఆ నీటిని పిండిపదార్థం పట్టి ఉంచుతుంది. ముల్లంగిలో పట్టి ఉంచేది ఏమీ లేదు, ఉప్పు తగిలిన మరుక్షణం నుంచి ఊరడం మొదలవుతుంది. ఒత్తేటప్పుడు పరాఠా చిరిగితే చాలామంది చేతిలో నేర్పు లేదనుకుంటారు. చాలాసార్లు తప్పు చేతిది కాదు, లోపల ఊరిన నీటిది.

ఆలూ: మొదటిసారి చేసేవారికి ఇదే

కొత్తగా నేర్చుకునేవారు ఆలూతోనే మొదలుపెట్టాలి. కూర ముద్దగా నిలుస్తుంది, కర్ర కింద పిండితో పాటు సాగుతుంది, ఉప్పు వేసి అరగంట పక్కన పెట్టినా నీరు వదలదు. పైగా పిల్లలు మారాం చేయకుండా తింటారు.

అయితే దుంపలన్నీ ఒకటి కావు. గోటితో గీరితే తొక్క ఊడొచ్చే కొత్త దుంపలు ఉడికాక జిగురుగా అవుతాయి. తొక్క గట్టిపడిన పాత దుంపలు పొడిపొడిగా వస్తాయి, పరాఠాకు అవే కావాలి. ముక్కలు కోసి ఉడికిస్తే నీరు పీల్చుకుంటాయి కాబట్టి తొక్కతో, వీలైతే ఆవిరి మీద ఉడికించండి. కుక్కర్లో పెడితే విజిల్స్ లెక్క తగ్గించండి. పగిలిపోయేంత ఉడికిన దుంప బజ్జీ కూరకు బాగుంటుంది గానీ ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. తొక్క తీశాక పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి కూర పెడితే దాని ఆవిరికి పిండి లోపలివైపు మెత్తబడి, ఒత్తుతుంటే చిల్లు పడుతుంది. చల్లారాక గరిటెతో మెదపడం కన్నా కోరుతో తురమడం మేలు, ఉండలు మిగలవు.

మసాలా సంగతి: అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర వీలైనంత సన్నగా తరగాలి. వాము, వేయించిన జీలకర్ర పొడి, కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు వేయాలి. పులుపుకు నిమ్మరసం వద్దు, అది కూడా నీరే. ఆమ్చూర్ (ఎండు మామిడికాయ పొడి) గానీ పంజాబీలు వాడే ఎండు దానిమ్మ గింజల పొడి గానీ వేయండి. మన అలవాటు ప్రకారం పోపు వేయాలనిపిస్తుంది. వేయండి, కానీ శనగపప్పు, మినపప్పు మానేయండి. ఒత్తేటప్పుడు అవి పిండిని పొడుచుకొచ్చేస్తాయి. నిన్నటి దోసెల కూర మిగిలిందని పరాఠాలో పెట్టేవాళ్లున్నారు. అది కుదురుతుంది, కాకపోతే ఉల్లిపాయ తడి పోయేదాకా మూకుట్లో ఇంకోసారి వేయించి, చెంచాడు పుట్నాల పొడి కలపాలి. పూరీ కూర మాత్రం వద్దు, అది పిండుకుంటే తప్ప పనికిరాదు.

పచ్చి ఉల్లిపాయ గురించి ఒక మాట. ఆలూ పరాఠాలో కరకరలాడే ఉల్లి ముక్కలు చాలా బాగుంటాయి, వేడిగా తినేటప్పుడు. బాక్సులోకి అయితే వేయకండి. మధ్యాహ్నానికి వాసన మారుతుంది, పరాఠా తడిసిపోతుంది.

గోబీ: రుచి ఎక్కువ, ఓపిక కావాలి

నా ఓటు దీనికే. చలికాలంలో గట్టిగా, పువ్వు దగ్గరగా ఉన్న కాలీఫ్లవర్ దొరికినప్పుడు ఆలూ పరాఠా చేయడం దండగ అనిపిస్తుంది.

గోబీలో అసలు తేల్చుకోవాల్సింది పచ్చిదా, వేయించిందా అన్నది. ఉత్తరాదిలో చాలా ఇళ్లలో పచ్చి తురుమే పెడతారు. పెనం మీద ఆ తురుము పిండి పొరల మధ్య ఆవిరికి మగ్గుతుంది, కొద్దిగా కరకర మిగులుతుంది, ఆ తీపి వాసన వేయించిన కూరకు రాదు. దీనికి రెండు జాగ్రత్తలు చాలు. వేడి ఉప్పునీళ్లలో ముంచి తీసిన పువ్వులను గుడ్డ మీద ఆరబెట్టి, చెయ్యి తడి కాకుండా అయ్యాకే తురమాలి. ఉప్పు కూరలో కలపకూడదు. ఒక్కో ఉండలో కూర పెట్టేటప్పుడు పైన చిటికెడు చల్లి వెంటనే మూసేసి ఒత్తేయాలి. ఉప్పు నీటిని లాగే లోపు పరాఠా పెనం మీద ఉంటుంది.

పది మందికి చేయాల్సి వస్తే ఇలా ఒక్కో ఉండకూ ఉప్పు చల్లుకుంటూ కూర్చోలేరు. అప్పుడు చెంచాడు నూనెలో తురుమును మూత పెట్టకుండా ఐదారు నిమిషాలు వేయించి, తడి ఇగిరాక ఉప్పు, మసాలా కలిపి చల్లార్చుకోండి. రుచి ఒక మెట్టు దిగుతుంది, టెన్షన్ మాత్రం ఉండదు. బాక్సుకు కూడా వేయించినదే సరైనది. క్యాబేజీకీ ఇదే పద్ధతి, కాకపోతే క్యాబేజీని పచ్చిగా పెట్టొద్దు, వాసన వేస్తుంది.

ముల్లంగి: చేసిన వెంటనే తినేవారికి మాత్రమే

పంజాబ్, ఢిల్లీ వైపు శీతాకాలం పొద్దున్న ముల్లంగి పరాఠాకు ఉన్న పేరు మన దగ్గర లేదు. మనం దాన్ని సాంబారులో వేసి వదిలేశాం. చాలామంది వాసన చూసి దూరం జరుగుతారు, కానీ వెన్నతో, పెరుగుతో వేడివేడిగా తింటే అభిప్రాయం మారొచ్చు.

తురిమి, ఉప్పు కలిపి పదిహేను నిమిషాలు ఉంచి, పల్చటి గుడ్డలో వేసి గట్టిగా పిండాలి. వచ్చిన నీళ్లు పారబోయకండి, వాటితోనే పిండి కలుపుకోండి. వాటిలో ఉప్పు ఉంటుంది కాబట్టి పిండిలో మళ్లీ ఉప్పు వేయక్కర్లేదు. పిండిన తురుములో లేత ముల్లంగి ఆకు సన్నగా తరిగి, వాము కాస్త ఎక్కువే వేయాలి. అయినా తడిగా ఉంటే వేయించిన శనగపిండి ఒక చెంచా. ఇదంతా చేసినా ఈ కూర ఎక్కువసేపు ఆగదు, కలిపిన పది నిమిషాల్లో ఒత్తడం మొదలుపెట్టాలి. స్కూలు బాక్సులో, ఆఫీసు బాక్సులో దీన్ని పెట్టకండి. మూత తీశాక పక్కవాళ్లు ఏమంటారో చెప్పక్కర్లేదు.

పనీర్ గురించి చెప్పాల్సింది తక్కువ. తురిమితే చాలు, తడి తక్కువ, అందరికీ నచ్చుతుంది, ఖర్చు ఎక్కువ. ఇంట్లో పాలు విరగ్గొట్టి చేసిన పనీర్ అయితే బరువు కింద పెట్టి నీరంతా పోయాకే వాడాలి. ఉడికించిన పచ్చి బఠాణీ ఒక్కటే పెడితే పొట్టు చిరాకు పెడుతుంది, ఆలూలో కొంచెం కలిపితే బాగుంటుంది. బీట్‌రూట్‌ను కూరగా పెట్టడం కన్నా పిండిలో కలిపేయడం నయం.

సత్తు: మన వాళ్లు పట్టించుకోనిది

కూరగాయల పోలికలో ఇది ఎందుకంటారేమో. బిహార్‌లో, తూర్పు యూపీలో కూరగాయ ఏదీ లేని రోజున కూడా పరాఠా ఆగదు, సత్తు ఉంటుంది. వేయించిన శనగల పిండి అది. అందులో సన్నగా తరిగిన ఉల్లి, వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి, వాము, కలోంజీ (నల్ల జీలకర్ర) గింజలు, ఆవనూనె, నిమ్మరసం, పైగా ఊరగాయ డబ్బాలోని మసాలా ఒక చెంచా కలుపుతారు. చేతిలో పట్టి నొక్కితే ముద్ద అవ్వాలి, వేలితో తడితే రాలిపోవాలి, అంత తడి చాలు.

ఈ కూర తానే తడిని పీల్చుకుంటుంది కాబట్టి ఇందులో నిమ్మరసానికి అభ్యంతరం లేదు. సత్తు దొరకకపోతే పుట్నాల పప్పు మిక్సీలో కాస్త బరకగా పట్టండి. పొట్టుతో వేయించిన శనగల కమ్మదనం పూర్తిగా రాదు, కానీ పని జరుగుతుంది. ఊరగాయ మసాలా చోట మన ఆవకాయ గుజ్జు అద్భుతంగా అతుకుతుంది. దాంట్లో ఆవపిండీ, నూనే, కారమూ అన్నీ ఉన్నాయి కదా. ఆవనూనె ఘాటు అలవాటు లేనివారికి నువ్వులనూనె చాలు. షుగర్ చూసుకునేవారు గోధుమపిండిలో మళ్లీ బంగాళాదుంప ఎందుకని ఆలోచిస్తారు. వాళ్లకు గోబీ, పనీర్, సత్తు మూడూ ఆలూ కన్నా మెరుగైన దారులు.

ఉండలో పెట్టడమా, రెండు చపాతీల మధ్యనా

తెలుగు వంటింట్లో పెరిగిన చేతికి పూర్ణం పెట్టి మూయడం నేర్పక్కర్లేదు, బొబ్బట్లు చేసిన చెయ్యే. కాకపోతే పిండి తీరు వేరు. బొబ్బట్ల పిండి నూనెలో నాని, జారేంత మెత్తగా ఉంటుంది. ఆకు మీదో కవరు మీదో వేళ్లతో తట్టుకుంటూ పోతాం. పరాఠాను పొడి పిండి చల్లి కర్రతో ఒత్తాలి, కాబట్టి పిండి మెత్తగా ఉండాలి గానీ అంటుకోకూడదు. చపాతీ పిండి కన్నా ఒక పిసరు మెత్తగా, అంతే.

ఉండ పద్ధతిలో పిండిని అరచేయంత ఒత్తి, అంచులు పల్చగా, నడుమ మందంగా ఉంచాలి. కూర పెట్టి అంచులు పైకి తెచ్చి ముడి వేసి, ఎక్కువైన పిండి ముచ్చికను గిల్లి తీసేయాలి. అది వదిలేస్తే పరాఠా నడుమ పచ్చి పిండి తగులుతుంది. వెంటనే కర్ర పట్టకుండా ముందు వేళ్లతో చుట్టూ నొక్కి, కూరను అంచులదాకా తరిమాక మెల్లగా ఒత్తాలి. కర్ర బరువు నడుమ కన్నా అంచుల వైపు పడాలి. ఆలూ, పనీర్, సత్తు లాంటి ముద్ద కట్టే కూరలకు ఈ పద్ధతే.

రెండో పద్ధతిలో రెండు పల్చటి చపాతీలు ఒత్తి, ఒకదాని మీద కూర పరిచి రెండోది కప్పి అంచులు నొక్కేస్తాం. చూడటానికి పిల్లలాటలా ఉంటుంది గానీ పచ్చి గోబీకి, ముల్లంగికి ఇదే నమ్మకం. కూరను ఒత్తే పని లేదు కాబట్టి నీరు ఊరదు, చిరగదు. కూర కూడా ఎక్కువ పడుతుంది. లోపం ఒక్కటే, అంచు చుట్టూ వేలెడు వెడల్పున ఉత్త పిండి మిగులుతుంది. దాన్ని గిన్నె అంచుతో గుండ్రంగా కోసేస్తే సరి. పరీక్షల పొద్దున్న, ఆఫీసుకు ఆలస్యమైన రోజున నేను ఈ పద్ధతికే ఓటేస్తాను.

కొలత కావాలంటే: 250 గ్రాముల గోధుమపిండికి 155 నుంచి 165 మి.లీ. నీళ్లు, ఒక చెంచా నూనె, ఉప్పు. కలిపాక మూతపెట్టి అరగంట ఆగాలి. ఆరు ఉండలు వస్తాయి, ఒక్కోటి 70 గ్రాముల దాకా. మొదట్లో ఉండ బరువులో మూడింట రెండొంతులు కూర పెట్టండి. చెయ్యి తిరిగాక సమానంగా పెట్టొచ్చు, పంజాబీ ఇళ్లలో అంతకన్నా ఎక్కువే పెడతారు.

మైదా కలిపితే సాగుతుంది, చిరగదు, కానీ చల్లారాక తోలులా అవుతుంది. వేడిగా తింటే నాలుగో వంతు కలపొచ్చు, బాక్సుకు వద్దు. మల్టీగ్రెయిన్ పిండితో ఉండ పద్ధతి కష్టం, రెండు చపాతీలే నయం. జొన్నపిండిలో గ్లూటెన్ లేదు, అది సాగి కూరను చుట్టుకోలేదు. జొన్నతోనే తినాలనుకుంటే కూరను లోపల పెట్టే ఆలోచన మాని, మన సర్వపిండి తరహాలో అన్నీ పిండిలోనే కలిపి తట్టుకోండి. అమెరికాలోనో యూకేలోనో ఉన్నవారు సూపర్ మార్కెట్ హోల్ వీట్ పిండితో మొదలుపెట్టకండి. చక్కీలో రాళ్ల మధ్య మెత్తగా ఆడిన మన ఆటా నీళ్లు ఎక్కువ పీల్చుకుని మెత్తగా సాగుతుంది, అక్కడి పిండి తవుడుతో గరుగ్గా ఉండి చిరుగుతుంది. ఇండియన్ స్టోర్ దాకా వెళ్లడమే మంచిది.

పెనం, నెయ్యి, హోటల్ రుచి

ఇనుప పెనమా, నాన్‌స్టిక్కా అంటే ఇనుమే. వేడిని నిలబెట్టుకుంటుంది, గోధుమరంగు మచ్చలు బాగా వస్తాయి. నాన్‌స్టిక్ మీద నూనె తక్కువ పడుతుందన్నది నిజమే, పరాఠా మాత్రం పాలిపోయినట్టు వస్తుంది. ఏ పెనమైనా ముందు రెండు వైపులా నూనె లేకుండా కాల్చి, చుక్కలు పడ్డాకే నెయ్యి రాయాలి. ముందే రాస్తే పిండి నూనె తాగి లోపల పచ్చిగా ఉండిపోతుంది. మంట మధ్యస్థం కన్నా కొంచెం ఎక్కువ. సన్న మంట మీద ఎక్కువసేపు ఉంచితే అప్పడంలా గట్టిపడుతుంది.

నెయ్యా, నూనా, వెన్నా? కాల్చడానికి నెయ్యి, పైన వేసుకోవడానికి వెన్న. వెన్నతో కాలిస్తే అందులోని పాల పదార్థం మాడుతుంది. బాక్సుకు నూనె వాడండి, చల్లారాక నెయ్యి పేరుకుని నోటికి అంటుకుంటుంది.

ఢిల్లీ చాందినీ చౌక్‌లోని పరాఠే వాలీ గలీలో తిన్నవారు, ముర్తల్ దాబాల్లో ఆగినవారు ఇంట్లో ఆ రుచి ఎందుకు రాదని అడుగుతారు. కూరలో రహస్యం ఏమీ లేదు. గలీలో పరాఠాను పెనం మీద కాల్చరు, ఇనుప మూకుడులో నెయ్యి పోసి వేయిస్తారు, అందుకే ఆ కరకర. ఢిల్లీ నుంచి పంజాబ్ వైపు వెళ్లే హైవే మీది ముర్తల్‌లో తందూరులో కాల్చి, పైన తెల్లవెన్న ముద్ద పెడతారు. అమృత్‌సర్ కుల్చా అయితే అసలు పిండే వేరు, మైదాను పొరలు పొరలుగా చుట్టి తందూరు గోడకు అతికిస్తారు, పక్కన శనగల కూర. వీటిలో ఇంట్లో కాస్త దగ్గరికి రాగలిగింది కుల్చా ఒక్కటే: ఒత్తిన కుల్చాకు ఒకవైపు నీళ్లు రాసి వేడి ఇనుప పెనానికి అతికించి, పెనాన్ని తలకిందులు చేసి మంట మీద పట్టుకోవాలి. నాన్‌స్టిక్‌తో ఈ పని చేయకండి, కుల్చా జారి మంటలో పడుతుంది. మూకుడు నెయ్యి పరాఠా ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ ఢిల్లీ వెళ్లినప్పుడు తింటే చాలు.

ప్రయాణానికి, ఫ్రిజ్‌కు

రైలు ప్రయాణానికి కూర పెట్టిన పరాఠా కట్టకపోవడమే మంచిది. విజయవాడ మే నెల ఎండలో ఉడికిన దుంప, పచ్చి కొత్తిమీర కలిసిన పరాఠా సాయంత్రానికి పులిసిపోతుంది. గుజరాతీల థేప్లా పద్ధతి ఇక్కడ నయం. మెంతికూరను, పసుపు, కారం, కొంచెం పెరుగు, నూనెతో కలిపి పిండిలోనే పిసికి పల్చగా ఒత్తి కాలుస్తారు. లోపల తడి కూర లేదు కాబట్టి రెండు రోజులు నిలుస్తుంది. పరాఠాయే కావాలంటే ఉల్లి, వెల్లుల్లి లేకుండా పొడిగా కలిపిన సత్తుది కట్టండి. పిల్లల బాక్సుకు ఉల్లి లేని ఆలూ గానీ పనీర్ గానీ పెట్టి, పూర్తిగా చల్లారాకే మూత వేయండి. వేడి మీద మూస్తే ఆవిరికి అడుగు పరాఠా నానిపోతుంది.

బజారు ఫ్రోజెన్ పరాఠాలు కొనాలా అంటే ఒంటరిగా ఉండేవారికి, హాస్టల్ గదుల్లో ఉండేవారికి తప్పు లేదు. ప్యాకెట్ వెనక చూడండి. మైదా ముందుండి గోధుమపిండి వెనక ఉంటే అది మైదా పరాఠానే, పేరు ఏదైనా. కొనడం కన్నా ఆదివారం ఒక గంట కూర్చుని ఆలూ లేదా పనీర్‌వి చేసుకోవడం చవక. నూనె లేకుండా రెండు వైపులా చుక్కలు పడేదాకా మాత్రమే కాల్చి, చల్లార్చి, ఒక్కోదాని మధ్య బటర్ పేపర్ పెట్టి కవర్లో వేసి ఫ్రీజర్లో పెట్టండి. మూడు నాలుగు వారాలు బాగుంటాయి. తీశాక కరిగేదాకా ఆగక్కర్లేదు, అలాగే వేడి పెనం మీద వేసి నెయ్యి రాసి కాల్చేయొచ్చు. ముల్లంగివి, పచ్చి గోబీవి మాత్రం ఫ్రీజర్లో పెట్టకండి. మంచు కరిగేటప్పుడు కూరగాయ నీరంతా ఒక్కసారిగా వదిలి, పెనం మీద వేసేసరికి ముద్దయిపోతాయి.